సైకిలు జోళ్ల కిర్రు

మన తెలుగునాట ఒకప్పుడు కిర్రుచెప్పులు తొడుగుట గొప్ప ముచ్చటగా ఉండెడిది. క్రొత్తగా పెండ్లియైన అల్లుడు అత్తవారి వీధిలో అడుగుపెట్టినను, ఊరి మోతుబరి రచ్చకట్టకు బయలుదేరినను, మనిషికంటె ముందు చెప్పుల చప్పుడు రావలెను. ఆ చప్పుడు లేనిచో చెప్పులు క్రొత్తవని నలుగురికి తెలియుట ఎట్లు? కుట్టువానిని అడిగి మరీ కిర్రు పెట్టించుకొనెడివారు. రేడియో నాటకములో పెద్దమనిషి ప్రవేశించుచున్నాడని తెలుపుటకు ఒక జత కిర్రుచెప్పులను మించిన సాధనము లేదు. వేయి మాటల వర్ణనను ఆ నాలుగడుగులు తప్పించును.

అదే కిర్రు సైకిలు త్రొక్కువాని కాలిక్రింద పుట్టినచో ముచ్చట కాదు, శిక్ష. నడచువాడు నాలుగడుగులు వేసి కూర్చుండును. సైకిలు త్రొక్కువాడు నిమిషమునకు 75 చుట్లు త్రొక్కుననుకొన్నను గంటకు 4,500 మార్లు ఆ చప్పుడు వినవలెను. మానవుని చెవి సెకనుకు 2,000 మొదలు 5,000 కంపనములవరకు గల ధ్వనులను మిక్కిలి సూక్ష్మముగా గ్రహించును. కీచుధ్వనులు పెక్కు ఆ మేరలోనివే. కాబట్టి లారీ మ్రోతను మరచిపోగలిగిన మనిషి ఈ చిన్న చప్పుడును మరువలేడు.

ఇట్టి చప్పుళ్లను వెదకుట మా వృత్తిలో నిత్యమును తప్పని పని. ప్రసంగము నడుచుచుండగా కుర్చీ కిర్రుమన్నను, చదువరి జోడు కిర్రుమన్నను మైకు దానిని విడిచిపెట్టదు. ఎచ్చటనుండి వచ్చినదో వెదకి మాన్పనిదే పని సాగదు. ఆ అలవాటు ఉన్నవాడనని తెలిసియే కాబోలు, దామరచర్లలో ఉన్న మా మేనల్లుడు క్రిందటి వేసవిలో తన జోళ్ల జతను తెచ్చి నా ముందు పెట్టెను. "మామా, నువ్వు చప్పుళ్లతోనే బతికేటోనివి గద, ఇదేందో జర చెప్పు" అనెను.

ఆ జోళ్లను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. సైకిలు జోడు మామూలు బూటు వంటిది కాదు. దాని అట్ట వంగదు. నైలానుతోగాని కర్బనపు నారతోగాని చేసిన బిరుసు పలక అది. ఆ పలక అడుగున, పాదపు ముందుభాగమునకు సరిగా దిగువను, "క్లీటు" అను చిన్న బిళ్ల మరలతో బిగింపబడి యుండును. ఈ బిళ్ల పెడలులోని కొక్కెమున పడి పాదమును పట్టి యుంచును. మడమను వెలుపలికి త్రిప్పినచో విడివడును. పూర్వము పందెపు సైకిళ్లవారు తోలుజోళ్లకు బిళ్లను మేకులతో కొట్టించుకొని, తోలుపట్టెడతో కాలిని పెడలునకు కట్టుకొనెడివారు. 1984లో ఫ్రాన్సు దేశపు లుక్ సంస్థ, మంచుమీద జారు స్కీ జోళ్ల పట్టును చూచి, తోలుపట్టెడ అక్కరలేని పెడలును తయారుచేసినది. 1985లో బెర్నార్డ్ ఇనో అట్టి పెడళ్లతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచెను. 1990లో జపాను దేశపు షిమానో సంస్థ బిళ్లను అట్టలోని గుంటలోనికి దించి, నేలమీద నడచుటకు గూడ వీలగునట్లు చేసెను. మన యువకులు నేడు తొడుగుచున్నవి ఈ రెండు జాతులవే.

మన ప్రాంతమున ఇట్టి జోళ్లు తొడుగువారెవరని అడుగవచ్చును. 2023 అక్టోబరు 1న హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన సౌరఫలకముల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభింపబడినది. ఉదయమున అటు వెళ్లినచో ఇట్టి జోళ్లు కోకొల్లలుగా కనబడును. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో ముగింపవలెనను నియమముతో దూరప్రయాణములు చేయువారును ఉన్నారు. మా మేనల్లుడు ఆ కోవకు చెందినవాడు. దామరచర్లనుండి మిర్యాలగూడకు సుమారు 20 కిలోమీటర్లు. ఉదయమున అటు పోయి వచ్చును. మరునాడు ఇటు వాడపల్లి వైపు, కృష్ణా మూసీ సంగమము వరకు పోవును. అగస్త్యేశ్వరుని గుడి యెదుట నీళ్లు త్రాగి మరలును.

ఆ బాట ఎట్టిదో ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. నార్కట్‌పల్లి నుండి అద్దంకికి పోవు రహదారి అది. ఒకవైపు సిమెంటు లారీలు, ఒకవైపు మిర్యాలగూడ మిల్లులకు పోవు ధాన్యపు లారీలు. వీర్లపాలెము వద్ద 800 మెగావాట్ల యూనిట్లు అయిదింటి యోజనతో యాదాద్రి తాపవిద్యుత్కేంద్రము నెలకొన్న తరువాత బండ్ల రాకపోకలు మరింత హెచ్చినవి. సున్నపురాతి సీమ. ఎండకాలమున దుమ్ము పిండివలె ఎగయును. 1967లో నాగార్జునసాగరము ఎడమ కాలువకు నీరు వదలిననాటినుండి ఈ సీమ పొలములలో వరి పండుచున్నది గనుక వానకాలమున బురదకును కొదువలేదు. దుమ్ము, తడి, ఎండ ఈ మూడును జోడునకు శత్రువులు. ఆ మూడింటికిని అక్కడ లోటులేదు.

ఇక కిర్రు ఎట్లు పుట్టునో చూతము. రెండు వస్తువులు ఒకదానిపై నొకటి ఒరసికొనుచు జరుగవలెనన్నచో మొదట అవి అంటుకొని కదలక నిలుచును. బలము హెచ్చగా పట్టు తప్పి చటుక్కున జారును. జారగానే బలము తగ్గును, మరల అంటుకొనును. మరల జారును. ఈ అంటుట, జారుట అను రెండు క్రియలు సెకనుకు వందలకొలది వేలకొలది మార్లు జరిగినచో ఆ కంపనమే మన చెవికి ధ్వనియగును. నిలిచియున్న వస్తువును కదల్చుటకు కావలసిన బలము, కదలుచున్నదానిని కదల్చుచునే యుండుటకు కావలసిన బలముకంటె హెచ్చని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కులూం 1785లో ప్రకటించిన గ్రంథమున విపులముగా చర్చించెను. ఆ రెండు బలములకును గల తేడాయే కిర్రునకు తల్లి. ఫిడేలు కమానునకు రాళపు ముద్ద రుద్దుట ఈ తేడాను పెంచుటకే. ద్వారం వెంకటస్వామినాయుడుగారి కమానునుండి వెలువడిన నాదమునకును, మా మేనల్లుని జోటినుండి వెలువడిన రోదనమునకును పుట్టుక ఒక్కటే. ఒకటి వశమున ఉన్నది, మరొకటి లేదు.

ఎడ్లబండి కాలమున ఈ సంగతి చదువురానివానికి గూడ తెలియును. ఇరుసు కిర్రుమన్నచో బండి క్రింద వ్రేలాడు వెదురుగొట్టమునుండి కందెన తీసి పూసెడివాడు. ఆముదమును, కాల్చిన గడ్డి మసిని కలిపి చేసినది ఆ కందెన. నల్లగొండ సీమలో ఆముదమునకు కొరత ఎన్నడును లేదు. అయితే కందెన ఎచ్చట పూయవలెనో బండివానికి తెలియును. ఇరుసు కంటికి కనబడుచునే యుండును గదా. సైకిలు జోటి కిర్రు విషయమున చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. పూయుట క్షణములో పని, ఎచ్చట పూయవలెనో తెలిసికొనుట పూటపని.

చెవి ఇచ్చట మోసపోవును. సైకిలు చట్రము ఉక్కుదైనను అల్యూమినియముదైనను బోలుగొట్టముల కూర్పు. ఒకచోట పుట్టిన చప్పుడు ఆ గొట్టములవెంట పరుగెత్తి మరొకచోట పలుకును. సీటు క్రింద వదులైన మర కిర్రుమన్నచో పెడలువద్ద వినబడినట్లుండును. పెడలులోని గుండ్లు అరిగినచో హ్యాండిలువద్ద వినబడినట్లుండును. మా మేనల్లుడు ఇట్లే భ్రమపడి, మొదట పెడళ్లు విప్పించి గ్రీజు పెట్టించెను. తరువాత సీటు బిగించెను. తరువాత ఒక దుకాణమువాని మాట విని ఇరుసు బేరింగు యావత్తు మార్పించెను. మూడువేల రూపాయలు వ్యయమైనవి. కిర్రు మాత్రము మొదటి దినమున ఉన్నట్లే ఉండెను.

కావున సామాను విప్పుటకు ముందు చప్పుడును విప్పవలెను. మన భాష ఇందుకు చక్కని సాయము చేయును. వినినదానిని ఊరక "చప్పుడు" అనక, సరియైన ధ్వన్యనుకరణముతో పిలిచి చూడుడు. "కిర్రు" అన్నచో బరువుమీద రెండు పొడిపలకలు ఒరయుచున్నవి. తోలు, అట్ట, లోపలి మెత్త ఇట్టివి. "కీచు" అన్నచో సన్నని గట్టి ఒరపిడి. రబ్బరు తడిసినదిగాని, లోహము లోహమును రాచుచున్నదిగాని. "టక్కు" అన్నచో ఒరపిడియే కాదు, ఏదో వదులై దెబ్బ తగులుచున్నది. "కరకర" అన్నచో గుండ్లలో ఇసుక చేరినది. సైకిలు మెకానిక్కువద్దకు పోయి "ఏదో శబ్దము వచ్చుచున్నది" అని చెప్పుటకంటె "ఎడమకాలు దిగునప్పుడు టక్కుమనుచున్నది" అని చెప్పినచో సగము పని అయినట్లే.

రెండవది లెక్క. చప్పుడు ఎన్ని చుట్లకొకసారి వచ్చుచున్నది? పెడలు ఒక్క చుట్టునకు ఒక్కమారు వచ్చినచో దోషము పెడలు, దాని కాడ, జోడు, సీటు ఈ నాలుగింటిలో నుండును. సీటేల అందురేమో. కాలు త్రొక్కినప్పుడెల్ల శరీరభారము ఇటునటు మారును గదా. మామూలు సైకిలునకు ముందు పళ్లచక్రమున 44 పళ్లు, వెనుక 18 పళ్లు ఉన్నచో పెడలు ఒకమారు తిరుగునప్పటికి వెనుకచక్రము దాదాపు రెండున్నర మార్లు తిరుగును. కాబట్టి చప్పుడు అంత వడిగా వచ్చినచో చక్రమును చూడవలెను. రెండు మూడు చుట్లకొకసారి వచ్చినచో చైనులో ఏదో ఒక లంకె బిగిసికొనిపోయినదని అనుమానింపవచ్చును.

మూడవది వేరుచేయుట. లేచి నిలిచి త్రొక్కుము. చప్పుడు ఆగినచో దోషము సీటులో. ఆగనిచో ఒక్క కాలితో త్రొక్కుము. ఏ కాలితో వచ్చుచున్నదో తెలియును. పిమ్మట జోళ్లను విడిచి, మామూలు చెప్పులతో అదే పెడలును త్రొక్కుము. చప్పుడు పోయినచో దోషము జోటిలోనో, జోటికిని పెడలునకును నడుమనో ఉన్నది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. అయినను నూటికి తొంబదిమంది దీనిని చేయక గ్రీజుడబ్బా వైపు పోదురేమో అని నాకు తోచును.

దామరచర్లలో ఈ పరీక్షలన్నియు ఒక ఉదయమున చేసితిమి. ఎడమకాలు, అందులోను పెడలు ముందునకు వచ్చి క్రిందికి దిగు వేళ, గడియారములో ముల్లు 3 గంటలవద్ద ఉండునట్టి స్థానమున. పాదము పెడలుమీద మిక్కిలి బలము చూపు స్థానము అది. మామూలు చెప్పులతో త్రొక్కగా నిశ్శబ్దము. కావున పెడలు నిర్దోషి. మార్పించిన బేరింగును నిర్దోషియే, పాపము.

జోటిలో మూడు తావులు చూడవలసియుండును. మొదటిది లోపలి మెత్త. చెమట ఆరి ఉప్పుగట్టిన మెత్తయు, దాని క్రింది పలకయు ఒరసికొనినచో కిర్రు పుట్టును. మెత్తను లాగివేసి త్రొక్కి చూచినచో తెలిసిపోవును. దోషము అదే అయినచో మెత్తను కడిగి ఆరవేసి, క్రింద కొంచెము ముఖమునకు పూసికొను పౌడరు చల్లినచో చాలును. మా మేనల్లుని జోటిలో మెత్త తీసిన పిమ్మట కిర్రు కొంత తగ్గెను గాని పోలేదు. ఒకే చప్పుడునకు రెండు మూలములు ఉండుట అరుదు కాదు. ఒకటి తగ్గగానే సంతోషించి ఊరకుండరాదు.

రెండవది బిళ్లకును పెడలునకును నడుమ. బిళ్ల ప్లాస్టికుదైనచో పెడలు కొక్కెమును తాకు అంచులయందు కీచుమనుట కలదు. ఇందుకు మందు ఇంటనే ఉన్నది. కొవ్వొత్తి. ఆ మైనమును అంచులకు పలుచగా రుద్దవలెను. నూనె పూసినచో ఒక దినము హాయిగా నుండును గాని, రెండవదినమునకు రోడ్డు దుమ్మంతయు దానిని పట్టుకొని మరింత అరుగదీయును. మైనమునకు దుమ్ము అంతగా అంటదు. కొవ్వొత్తి రుద్దగా కూడ ఆ చప్పుడు మారలేదు.

మూడవది బిళ్లకును అట్టకును నడుమ. జోడును తలక్రిందులు చేసి, బిళ్లను బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను పట్టి ఇటునటు కదపగా, అదిగో, అతి స్వల్పముగా కదలెను. మూడు మరలలో ఒకటి వదులు. రెండవది ఇంచుమించు ఊడివచ్చుటకు సిద్ధముగా నున్నది. బిళ్లను ఊడదీయగా క్రింద తెల్లని సన్నని ధూళి పలుచని పొరగా పేరియుండెను. వదులైన బిళ్ల, దాని క్రింద పొడి. ప్రతి చుట్టునకు బిళ్ల ఒక వెంట్రుకవాసి జరుగుచు ఆ పొడిని నూరుచున్నది. కిర్రు అదియే.

ఇంతవరకు వినినవారికి ఇదంతయు చెవికి ఇంపుగాని చప్పుడును మాన్పుకొను వ్యవహారముగా తోచవచ్చును. అది కాదు. బిళ్ల విడివడుటకు మడమను త్రిప్పవలెనని చెప్పితిని. బిళ్లను పట్టు మరలు వదులైనచో మడమ తిరుగునప్పుడు జోడు తిరుగును, అట్ట తిరుగును, బిళ్ల మాత్రము పెడలులో కదలక ఉండిపోవును. కాలు విడిరాదు. వేగము తగ్గి సైకిలు నిలుచునప్పుడు నేలమీద కాలు మోపలేక మనిషి ప్రక్కకు కూలును. ఇంటి వాకిట కూలినచో మోచేయి దోగును. వాడపల్లి కృష్ణవంతెనమీద, వెనుక సిమెంటు లారీ వచ్చుచుండగా కూలినచో? ఆ మాట నేను అనలేదు. మరలను చేతిలో పట్టుకొని చూచుచున్న మా మేనల్లుని ముఖమే అనెను. వాని తల్లి వంటయింటి గడపలో నిలిచి వినుచునే యుండెను. "మూడువేలు పెట్టి బాగున్నదాన్ని మార్చినవు, పది రూపాయల మర సంగతి చూస్కోలేదా" అని ఒక్కమాట అని లోనికి పోయెను.

బిగించు విధము కొంచెము నిదానముగా చెప్పెదను. బిళ్లను, అట్టను, మరల రంధ్రములను పాత పండ్లకుంచెతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనీయవలెను. బిళ్లను తీయకముందే దాని చుట్టు పెన్సిలుతో గీత గీసికొనవలెను. బిళ్ల స్థానము కొద్దిగా మారినను మోకాలికి నొప్పి వచ్చును. మరల చుట్లకు గ్రీజును చిటికెడు మాత్రమే పూయవలెను. తుప్పు పట్టకుండుటకు అది, మరి లోతుగా బిగియుటకును. పిమ్మట ఒక్కొక్క మరను ఒకేసారి చివరివరకు బిగింపక, మూడింటిని వంతులవారీగా కొంచెము కొంచెము బిగింపవలెను. ఎంత బిగువు? షిమానోవారు చెప్పునది 5 మొదలు 6 న్యూటన్ మీటర్లు. కొలిచెడి టార్క్ రెంచి అందరియొద్దను ఉండదు. 10 సెంటీమీటర్ల ఎలెన్ కీ కొసవద్ద 5 కిలోల బియ్యపు సంచిని ఎత్తునంతటి బలము చూపినచో ఇంచుమించు సరిపోవును. దానికి రెండింతలు చూపు వీరులు మర తలను అరుగదీసికొని, తరువాత ఊడదీయలేక చింతింతురు. 100 కిలోమీటర్లు తిరిగిన పిమ్మట మరల ఒకసారి చేయివేసి చూడవలెను. బిళ్ల అరిగి పచ్చటి గుర్తు కనబడకపోయినను, అంచు పెళుసెక్కినను మార్చవలెను. దానిని మైనముతో బ్రతికింపజూచుట వ్యర్థము.

నేడు సైకిలు జోళ్లు లేనివారును ఈ కిర్రునుండి తప్పించుకొనలేరు. పాలు పోయుటకో పొలమునకో పోవువాని నల్లని సైకిలునకు కాటరు పిన్ను అనునది ఒకటి యుండును. పెడలు కాడను ఇరుసునకు బిగించు చీల అది. అది వదులైనచో సరిగా ఇట్లే చుట్టునకొక్క టక్కు వినబడును. సుత్తితో ఒక దెబ్బ వేసి, వెనుకనున్న నట్టును పానాతో బిగించినచో ప్రస్తుతమునకు తీరును. మరల మరల వదులైనచో చీలయే అరిగినది, మార్చవలెను. ఎడమ పెడలు మర ఎడమవైపు త్రిప్పినచో బిగియునని గుర్తుంచుకొనవలెను. అది తెలియక కుడివైపు బిగించుచున్నాననుకొని ఊడదీసినవారిని ఎరుగుదును.

తోలుబూట్లతో సైకిలు త్రొక్కువారికి ఆముదమే నేటికిని మంచి మందు. ఎండిన తోలునకు వ్రేలికొసతో పలుచగా పూసి, ఒక రాత్రి నీడను ఉంచి, ఉదయమున గుడ్డతో తుడువవలెను. హెచ్చుగా పూసినచో కుట్టుదారము మెత్తబడును. నైలాను జోళ్లకును, అట్ట జిగురుతో అంటించిన జోళ్లకును మాత్రము ఆముదముగాని మరే నూనెగాని తగదు. వానలో తడిసిన జోటిలో పాత వార్తాపత్రికను ఉండచేసి కూరి, గాలి తగులు నీడలో పెట్టవలెను. ఎండలో పెట్టరాదు, ముఖ్యముగా ఆ సీమలోని వైశాఖపుటెండలో. జిగురు సడలి పైతోలునకును అట్టకును నడుమ సన్నని సందు ఏర్పడును. ఆ సందునుండి పుట్టు కిర్రునకు కొవ్వొత్తియు పౌడరును పనిచేయవు. అట్ట నొక్కి చూచి, సందు వ్రేలిగోరు దూరునంతగా ఉన్నచో, ఆరెతో తోలు కుట్టు పాత పనివానియొద్దకు తీసికొనిపోవలెను. మిర్యాలగూడలో బజారు ప్రక్కన గొడుగు క్రింద కూర్చుండు ఒకాయన, క్రొత్త జిగురు వేసి రాత్రియంతయు బరువు క్రింద పెట్టి, మా మేనల్లుని పాత జతను గూడ బాగుచేసి ఇచ్చెను. "కిర్రు ఉంచాల్నా, తియ్యాల్నా?" అని ముందుగా అడిగెనట.